మగ్గం నిలిపినాక

మగ్గం ఆడుతున్నంతసేపు కడుపులో బిడ్డ నిద్రపోతుంది, మగ్గం ఆగిందంటే లేచి తన్నుతుంది. ఈ సంగతి మొదట కనిపెట్టింది హేమావతి అత్త అంజనమ్మ. కనిపెట్టి ఊరుకునే మనిషా! ధర్మవరంలో ఆ నేతగాళ్ల వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా చెప్పుకొచ్చింది.

"మా ఇంట్లో పుట్టబొయ్యేది వాళ్ల తాత మాదిరే మే. మగ్గం సద్దుంటే సాలు, హాయిగా పండుకుంటాది. నిలిపితే సాలు, యాల నిలిపినార్రా అని ఒకటే తన్నేది!"

ఆరో నెల నుంచీ ఆ ఇంట్లో అదొక ఆటైపోయింది. మధ్యాహ్నం హేమావతి సంగటి తినడానికి పోగు విసిరే నాడె పక్కన పెట్టగానే, అంజనమ్మ వంటింట్లోంచి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చేసేది. కోడలి కడుపు మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి నిల్చునేది. కాసేపటికి లోపలి నుంచి గట్టిగా ఒక తన్ను. "సూసినావా, సూసినావా!" అని ముసలామె ఎగిరి గంతేసినంత పని చేసేది. ఇదంతా చూసి పక్కింటి శశికి నవ్వాగేది కాదు. శశిదీ మొదటి కాన్పే, హేమావతి కంటే మూడు నెలలు వెనక. రెండిళ్ల మగ్గాలకూ మధ్యలో ఒకటే గోడ. ఈ మగ్గం చప్పుడు ఆ ఇంట్లో, ఆ మగ్గం చప్పుడు ఈ ఇంట్లో.

అట్లా ఆడుతూ పాడుతూ జరిగిపోతే చెప్పుకోవడానికేముంది? ఆషాఢం వచ్చింది.

శ్రావణమొస్తే పెళ్లిళ్లు. పెళ్లిళ్లకు చీరలు ఆషాఢంలోనే మగ్గం దిగాలి. అమావాస్య నాడు మగ్గం ముట్టరాదు కాబట్టి, చేతిలో ఉన్న చీర ఆ లోపలే కోసి ఇవ్వాలి. ఇది ఏటా ఉండేదే. కానీ ఏటా ఇంట్లో మూడో మనిషి ఉండేది. హేమావతి మొగుడు మార్కండేయకు ఒక చెల్లెలు. ఆమె నేతతో విసిగి, మొగుడితో కలిసి జీన్సు ప్యాంట్లు కుట్టడానికి రాయదుర్గం వెళ్లిపోయింది. మార్కండేయకా భుజం పట్టేసింది. చెయ్యి ఎత్తితే ప్రాణం పోతోంది. కాసేపు అతను కూర్చుంటాడు, నొప్పి మొదలైతే లేస్తాడు, హేమావతి కూర్చుంటుంది. ఆమె నడుము పడిపోతే మళ్లీ అతను. తొమ్మిదో నెల మనిషిని మగ్గం గుంటలో కూర్చోబెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. ఇష్టాలు అడిగే స్థితిలో ఎవరూ లేరు, అంతే.

ఆ అమావాస్య ముందు దినాల్లో హేమావతికి గుర్తున్నదంతా అలుపే. కాళ్లు వాచి గుంటలోకి దిగేవి కావు. గుంటలో కాళ్లు పెట్టి గట్టు మీద కూర్చుంటే, నేసిన బట్ట చుట్టుకునే దుంగ సరిగ్గా కడుపుకు ఆనుకునేది. నాడె విసరడం, పోగు బిగిసేలా పలక లాగి గుద్దడం. దడ్. మళ్లీ నాడె, మళ్లీ దడ్. బయట ఆషాఢపు గాలి దుమ్ము లేపి తలుపులు కొడుతుంటే, లోపల చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయేది. తిండికి లేస్తే మార్కండేయ వచ్చి కూర్చునేవాడు. ఆమె తింటుంటే మగ్గం ఆడుతూనే ఉండేది. చీకటి పడి మగ్గం ఆపే వేళకు ఎక్కడ ఒరిగితే అక్కడ ఒళ్లు తెలియని నిద్ర.

పగలు మగ్గం ఆగింది లేదు. ఆగలేదు కాబట్టి అంజనమ్మ అరచెయ్యి ఆనించిందీ లేదు.

ఒకసారి నీళ్ల చెంబు అందిస్తూ మాత్రం అడిగింది. "ఏమ్మే హేమా, కదుల్తాండాదా?"

"ఆఁ, కదుల్తాండాదత్తా."

ఆమె అబద్ధమాడలేదు, పాపం. పలక గుద్దినప్పుడల్లా కడుపులో ఏదో తగులుతూనే ఉంది. తన్నుతోందిలే అనుకుంది. అనుకుని మళ్లీ నాడె విసిరింది.

చీర చతుర్దశి సాయంత్రానికి మగ్గం దిగింది. ఎర్ర చీర, బంగారు అంచు, కొంగునిండా నెమళ్లు. సావుకారు మనిషి వచ్చి పట్టుకుపోయాడు. హేమావతి దాన్ని మడతపెట్టడం కూడా చూడలేదు, గోడకు ఆనుకుని నిద్రపోయింది.

అమావాస్య పొద్దున ఆమెను నిద్రలేపింది నిశ్శబ్దం. వీధి మొత్తానికి ఒక్క మగ్గం ఆడటం లేదు. ఎవరో బిందె తోముతున్న చప్పుడు, ఎక్కడో నీళ్ల ట్యాంకరు హారను. అంతే. హేమావతి ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకుంది. మగ్గం చప్పుడు లేదు కదా, ఇక లేస్తుందిలే అని చెయ్యి పెట్టుకుని చూసింది. లేవలేదు. చల్లటి నీళ్లు తాగింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. మళ్లీ పడుకుంది. కడుపు బరువుగా, కదలకుండా ఉంది.

అంజనమ్మ అప్పటికే మగ్గం తుడిచి, దుంగకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతోంది.

"అత్తా, బిడ్డ కదల్లా."

"పండుకొనుంటాదిలే."

"మగ్గం ఆడ్డంల్యా కదత్తా ఈ దినం. లెయ్యల్ల కదా?"

అంజనమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్లీ బొట్టు పెట్టింది. "నెలలు నిండినాక సోటు యాడుంటాది మే కదిలేకి? ముడుక్కొనుంటాది. కాన్పుకు ముందర బిడ్డ నెమ్మదిస్తాదని మా అమ్మ కూడా చెప్తాండె. నువ్వేం బయపడగాకు."

"ఒగసారి ఆసుపత్రికి పోయొస్తామా?"

"అమావాస్య దినమా! కడుపుతో ఉండే మనిషి గడప దాటేదా? రేపు పొద్దున్నే పోదాం. నేనే వస్తా."

హేమావతి మొగుడి దగ్గరికి వెళ్లింది. మార్కండేయ పట్టేసిన భుజం కింద దిండు పెట్టుకుని చచ్చిన నిద్రపోతున్నాడు. "ఇదో, లెయ్యి. బిడ్డ కదల్లా" అంది. "అమ్మనడుగు హేమా" అని గోడవైపు తిరిగాడు. చెడ్డవాడు కాదు. ఎన్నో దినాల నిద్ర ఆ కళ్లల్లో ఉంది, అంతే.

ఇక ఎవరినడగాలి? బిడ్డనే అడగాలి. హేమావతికి ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో గానీ, తిన్నగా మగ్గం దగ్గరికి నడిచింది. చీర కోసినాక మిగిలిన పడుగు ఇంకా మగ్గం మీదే ఉంది. వాచిన కాళ్లు గుంటలోకి దించింది. కుంకుమ బొట్ల మీదుగానే చెయ్యి చాపి నాడె తీసుకుంది. విసిరింది. పలక లాగి గుద్దింది.

దడ్.

నిశ్శబ్దంగా ఉన్న వీధిలో ఆ చప్పుడు పిడుగు పడ్డట్టు వినిపించి ఉండాలి. అంజనమ్మ చేతిలో పళ్లెం కింద పడింది.

"ఏమ్మే! పిచ్చి పట్టిందా నీకు? అమావాస్య దినం మగ్గం ముడ్తావా? ఇల్లు నాశనమైపోదా! లెయ్యి, లెయ్యంటే!"

హేమావతి లేవలేదు. దడ్, దడ్ అని ఆడిస్తూనే ఉంది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. శశి గడపలోనే ఆగి తొంగిచూసింది, ఆమె వెనక అత్త నల్లమ్మ. "అయ్యో అయ్యో, ఏమిది అంజనమ్మా, మీ కోడలు చేసే పని?" అని నల్లమ్మ ముక్కున వేలేసుకుంది.

పలక గుద్దినప్పుడల్లా హేమావతికి కడుపులో తగులుతోంది. ఉంది! కదులుతోంది! ప్రాణం లేచొచ్చింది ఆమెకు. అంతలోనే ఏదో తోచి, నడుము వెనక్కి వాల్చి, దుంగకు కడుపు తగలకుండా కూర్చుని ఇంకొక్కసారి గుద్దింది. ఏమీ లేదు. ముందుకు వంగి గుద్దింది. తగిలింది. వెనక్కి వాలి గుద్దింది. ఏమీ లేదు.

ఇన్ని దినాలూ తన్నింది బిడ్డ కాదు. మగ్గం.

ఆమె చేతిలోంచి నాడె జారింది. "అత్తా, చెయ్యి పెట్టు" అంది.

తిట్టబోయిన అంజనమ్మ ఆ ముఖం చూసి నోరు మూసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి ఆనించింది. రోజూ ఆనించిన చోటే. మగ్గం ఆగింది. వీధి ఆగింది. అంజనమ్మ చెయ్యి మార్చి ఇంకో పక్క పెట్టింది. వేళ్లతో మెల్లగా అదిమింది. చెంప ఆనించి విన్నది.

"మళ్లీ ఆడించు" అంది అంజనమ్మ.

"అత్తా..."

"ఆడించు మే! ఆడించి నిలుపు!"

హేమావతి ఆడించింది. నిలిపింది. అత్తా కోడళ్లిద్దరూ ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుంటూ ఎదురుచూశారు. ఎంతసేపని చూస్తారు? పసుపు చేతులతోనే అంజనమ్మ లేచింది. ఆమె కేక వీధి కొసదాకా వినిపించింది.

"మార్కండేయా! లెయ్యిరా! లింగప్పను ఆటో తెమ్మను, బిన్నె!"

అమావాస్య గడప అట్లా దాటారు. ఆటోలో దారంతా అంజనమ్మ కోడలి కడుపు మీద చెయ్యి తియ్యలేదు. "తల్లీ చౌడమ్మా, ఒగసారి కదిలించు తల్లీ" అని గొణుగుతూనే ఉంది. గుంతలొచ్చినప్పుడల్లా ఆటో ఎగిరేది, అంజనమ్మ చేతికింద కడుపూ ఎగిరేది, అది ఆటో కుదుపేనని ఇద్దరికీ తెలిసేది. మార్కండేయ ముందు సీట్లో లింగప్ప పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు, వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా అలిసిపోయి ఉంది. కడుపుమీద మిషను పెట్టి అటూ ఇటూ జరిపింది. గాలి హోరులాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. స్కానింగుకు పంపింది. తనే వచ్చి చూసింది. చాలాసేపు చూసి, తెర తనవైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే హేమావతికి అర్థమైంది.

"గుండె కొట్టుకోవడం లేదమ్మా."

ఎవరూ ఏడవలేదు. అర్థం కావడానికి కొంచెం టైము పడుతుంది కదా.

"కదలడం ఎప్పటినుంచి తగ్గింది?" అని డాక్టరమ్మ అడిగింది. ఏ తన్ను బిడ్డది, ఏ తన్ను మగ్గానిది? ఆఖరి తన్ను ఎప్పుడిదో కన్నతల్లికి తెలియదు. ఆ సిగ్గూ ఆ బాధా ఆమెను తినేస్తున్నాయి.

"నెలలు నిండితే కదలదని నేనే చెప్తి" అంది అంజనమ్మ. "నేనేనమ్మా చెప్పింది."

"అందరూ అట్లాగే అంటారు" అంది డాక్టరమ్మ. కోపం లేదు ఆమె గొంతులో. "తన్ను తీరు మారుతుందేమో గానీ కదలడం తగ్గకూడదమ్మా, కాన్పయ్యేదాకా. తగ్గిందంటే ఆ పూటే రావాల."

"ముందే వచ్చింటే బతికేదా మేడం?" అని మార్కండేయ అడిగాడు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "చెప్పలేనప్పా. వచ్చుంటే చూసేదాన్ని" అంది.

ప్రాణం లేని బిడ్డకైనా నొప్పులు పడాల్సిందే. ఆ సంగతి హేమావతికి అంతవరకూ తెలియదు. మందిచ్చారు, నొప్పులొచ్చాయి, మర్నాడు కాన్పయింది. ఆడపిల్ల. నిండా జుట్టు. నర్సు చూపించొద్దనుకుంది గానీ హేమావతి చేతులు చాపింది. పిల్ల పాదాలు రెండూ అరచేతుల్లో పెట్టుకుని చూసింది. మగ్గం నిలిపితే చాలు తన్నిన పాదాలవే. తరువాత మార్కండేయ భుజం మీది తువ్వాల్లో చుట్టుకుని, పూడ్చడానికి వంక గట్టుకు తీసుకుపోయాడు. వచ్చాక ఆ భుజం నొప్పి గురించి మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. తాగే నోరు లేదని రొమ్ములకేం తెలుసు? అంజనమ్మ మూరలకొద్దీ మల్లెపూలు తెచ్చి, రొమ్ములకు అదిమి గుడ్డతో బిగించి కట్టింది. అట్లా కడితే పాలు ఇంకిపోతాయంటారు. ఇల్లంతా మల్లెల వాసన, పెళ్లింట్లో మాదిరి. ఆ ఎర్రచీర ఎవరో పెళ్లికూతురు కట్టుకునే ఉంటుంది ఈపాటికి అనుకుంది హేమావతి. కోపం కూడా రాలేదు. కోపానికి ఓపిక కావాలి.

"అమావాస్య దినం మగ్గం ముట్టింది, అందుకే" అంది వీధి. ముట్టడానికి ముందే పోయిందని ఎవరికి చెప్పాలి? అంజనమ్మ చెప్పింది, నలుగురితో పోట్లాడింది కూడా. తరువాత ఆమే అలిసిపోయింది.

మళ్లీ మగ్గం ఆడక తప్పదు కదా. రెండు నెలలు పోయినాక ఒక దినం హేమావతి తనంతట తానే గుంటలోకి దిగింది. దుంగకూ కడుపుకూ మధ్య ఇప్పుడు బోలెడంత జాగా. మధ్యాహ్నం నాడె పక్కన పెట్టింది. వంటింట్లో అంజనమ్మ చెయ్యి అలవాటుగా కొంగుకు తుడుచుకుంటూ రెండడుగులు వేసి, ఆగిపోయి, తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

గోడ అవతల మాత్రం శశి మగ్గం ఆగలేదు.

అది హేమావతి చెవిలో పడింది. శశికి ఇప్పుడు ఎనిమిదో నెల. ఆ మగ్గం పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆడుతోంది. ఒక దినం చూసింది, ఇంకో దినం చూసింది. మూడో దినం ఇక ఉండబట్టలేక లేచి ఆ ఇంట్లోకి వెళ్లిపోయింది. బిడ్డ పోయిన మనిషి కడుపుతో ఉన్నామె దగ్గరికి పోకూడదు. ఆ కట్టుబాటు తెలియక కాదు. శశి కూడా తనను చూసి పక్కకు తప్పుకుంటోందని తెలియక కాదు.

"ఏమ్మే, నువ్వీడికెందుకొచ్చినావు?" అని నల్లమ్మ గడపలో అడ్డం తిరిగింది. హేమావతి ఆమెను దాటుకుని వెళ్లి శశి చేతిలోని పలక గట్టిగా పట్టుకుంది. మగ్గం ఆగిపోయింది.

"ఎనక్కి వాలి కూసో శశీ. దుంగ తగలకుండా."

"అక్కా..."

"మాట్లాడొద్దు. ఉండు."

నల్లమ్మ కేకలు పెట్టబోయింది. వెనకనే పరిగెత్తుకొచ్చిన అంజనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ కాళ్లు మొక్కుతా నల్లమ్మా, ఒక గడియ నోరు మూసుకో."

నలుగురు ఆడవాళ్లు కదలకుండా నిలబడ్డారు. బయట గాలికి రేకు కొట్టుకుంటోంది. శశి ముఖం తెల్లబోయింది. ఆమె కూడా లెక్క వేసుకుంటోంది, ఆఖరున ఎప్పుడు తన్నిందా అని. ఆ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలో ఉలిక్కిపడింది.

"తన్నింది అక్కా! అదో, మళ్లీ!"

శశి ఆమె చెయ్యి లాక్కుని కడుపుమీద పెట్టుకుంది. హేమావతి అరచేతికి గట్టిగా తగిలింది. దుంగ కాదు, మగ్గం కాదు. ఆమె వెంటనే చెయ్యి తీసేసుకుంది.

"దినానికొగసారి నిలుపు" అంది. "నిలిపి, పండుకొని సూసుకో. కదిలితే గోడ తట్టు. కదలకపోతే ఎవురేం జెప్పినా ఇనొద్దు, పో. అమావాస్య అయితే మాత్రమేమి?"

నల్లమ్మ ఆ పూట గడపకు పసుపునీళ్లు చల్లుకుంది. చల్లుకోనీ. మర్నాటి మధ్యాహ్నం శశి మగ్గం ఆగింది. కాసేపటికి గోడ మీద రెండు దెబ్బలు. ఆ తర్వాత ప్రతి దినమూ. దెబ్బలు వినిపించేదాకా హేమావతి సంగటి ముద్ద నోట్లో పెట్టేది కాదు, అంజనమ్మ పెట్టమని చెప్పేదీ కాదు.

మళ్లీ అమావాస్య వచ్చింది. వీధి మూగబోయింది. అంజనమ్మ మగ్గం తుడుస్తోంది. హేమావతి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎండ గడపలోకొచ్చింది, గడప దాటి నడిమింట్లోకొచ్చింది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. అంజనమ్మ తుడిచిన చోటే తుడుస్తోంది. "నిద్రపోయిందేమో మే" అంది, అని తన మాటకు తనే భయపడి గుడ్డ కింద పెట్టేసింది. హేమావతి లేవబోయింది.

అప్పుడు గోడ దడదడలాడింది. రెండు దెబ్బలు కాదు, పిడికిలితో బాదినట్టు. దాని వెంటే నల్లమ్మ గొంతు.

"అంజనమ్మా! ఓ హేమా! ఇనబడుతాండాదా? తన్నుతాండాదే! నా చేతికి తన్నుతాండాది!"

అంజనమ్మ అక్కడే కూలబడి కొంగులో ముఖం పెట్టుకుంది. ఆసుపత్రిలో ఏడవని హేమావతి, వంక గట్టు వైపు చూసి కూడా ఏడవని హేమావతి, గోడకు నుదురు ఆనించి గట్టిగా ఏడ్చింది. సంతోషమే. శశి మీద ఒట్టు, సంతోషమే. కానీ చెయ్యి దానంతటదే తన కడుపుమీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. అయినా తీసుకోలేదు, మగ్గం నిలిపినాక ఎదురుచూసినట్టే చూస్తూ అట్లాగే కూర్చుంది.